ఎండిన ఏరు కూడా ఏరే



ఎండాకాలంలో తాడిపత్రి దగ్గర పెన్న వంతెన మీద బస్సులో పోతుంటే కిటికీలోంచి ఏం కనిపిస్తుంది? ఇసుక. ఇసుకలో ట్రాక్టర్ల చక్రాల జాడలు. అక్కడక్కడ సీమజాలి కంప. ఒకసారి నా ముందు సీట్లో కూచున్న పిల్లవాడు వాళ్ళ నాయనను అడిగినాడు, "నాయనా, ఏరు ఎక్కడుంది?" అని. "ఇదే రా" అన్నాడాయన. పిల్లవాడు మళ్ళీ తొంగి చూసి, "నీళ్ళే లేవే, ఏరెట్లయితాది?" అన్నాడు. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

ఈ పూట నేను ఆ పిల్లవాడి ప్రశ్నకే జవాబు చెప్పాలనుకుంటున్నాను. నీటి నాణ్యతను కాపాడే ప్రభుత్వ వ్యవస్థ గురించి మాట్లాడమని ఆకాశవాణి వారు అడిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ ప్రశ్నే. మన అనంతపురం సీమలో ఆ వ్యవస్థ పని అంతా అక్కడే మొదలవుతుంది.

మా అవ్వగారి ఊరు చిత్రావతి ఒడ్డున. వేసవి సెలవులకు పోతే తెల్లవారుజామున అవ్వ వెంట ఏట్లోకి పోయేవాణ్ణి. చేతిలో బిందె, కొబ్బరి చిప్ప. ఇసుకలో ఒకచోట కూచుని మోకాలి లోతు తవ్వితే అడుగున తడి తగిలేది. ఇంకో జానెడు తోడితే నీళ్ళు ఊరేవి. అదే చెలమ. తొలి ఊట బురదగా ఉండేది. దాన్ని చిప్పతో తోడి దూరంగా చల్లేసి, నీళ్ళు తేటపడేదాకా కూచుని, అప్పుడు మెల్లగా ముంచి గుడ్డలో వడబోసేది.

ఆ చెలమకు కట్టుబాట్లుండేవి. చెలమకు ఎగువన గుడ్డలు ఉతకకూడదు. గొడ్లను దిగువనే తాపాలి. నీళ్ళు నింపుకుని పోయేటప్పుడు చెలమ మీద ముళ్ళకంప కప్పాలి. ఒకరోజు నేను అవ్వను అడిగినాను, పారే నీళ్ళే లేనప్పుడు ఎగువేంది, దిగువేంది అని. "పారకపోవడమేంది, కింద నడుస్తుండాయి కదా" అన్నది అవ్వ. బడికి పోని మనిషి. ఏరు ఇసుక కింద నడుస్తుందని ఆమెకు తెలుసు. అందుకే నీళ్ళు కనిపించకపోయినా ఎగువను ఎగువగానే చూసింది.

ఇప్పుడు మన నేల సంగతి. అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్ల చిల్లర. నైరుతి మేఘాలను పడమటి కనుమలు అడ్డుకుంటాయి. ఈశాన్య రుతుపవనం తూర్పు తీరం నుంచి ఇంత దూరం వచ్చేసరికి దాని ఓపిక అయిపోతుంది. పెన్న, చిత్రావతి కర్ణాటకలో నంది కొండల వైపు పుట్టి మన దగ్గరికి వస్తాయి. వేదవతిని మనం హగరి అంటాం, అదీ కర్ణాటక నుంచే వస్తుంది. ఈ ఏర్లు పొంగేది ఏడాదిలో కొద్ది రోజులు. మిగతా కాలమంతా అవి చేసే పని నిలవ చేయడం. ఇసుక రేణువుల మధ్య సందులుంటాయి. తడిసిన ఇసుక మేటలో సుమారు మూడింట ఒక వంతు నీళ్ళే. అంటే ఎండిన ఏరు మూతపెట్టిన తొట్టి లాంటిది. పైన ఇసుక కప్పు ఉండబట్టి ఎండకు ఆవిరి కాకుండా నీళ్ళు నిలుస్తాయి. ఊళ్ళ మంచినీళ్ళకు ఏట్లో తవ్విన ఊటబావులు, ఒడ్డున ఉన్న తోటల బోర్లు బతికేది ఆ తొట్టి మీదే.

ఇసుక నీళ్ళను దాచడమే కాదు, కడుగుతుంది కూడా. దీనికి ప్రపంచ చరిత్రలో ఒక పెద్ద సాక్ష్యముంది. 1892లో జర్మనీలోని హాంబర్గ్ నగరంలో కలరా వచ్చి సుమారు 8,600 మంది చనిపోయినారు. హాంబర్గ్ వాళ్ళు ఎల్బ్ నది నీళ్ళను వడబోయకుండానే కుళాయిలకు వదిలేవాళ్ళు. దాని పక్కనే, వీధి దాటితే వచ్చే ఊరు ఆల్టోనా. వాళ్ళదీ అదే నది, అదీ హాంబర్గ్ మురుగు కలిసిన తర్వాత దిగువన తీసుకునే నీళ్ళు. అయినా ఆల్టోనా చాలావరకు బయటపడింది. కారణం, వాళ్ళు ఆ నీళ్ళను ఇసుక పొరల్లోంచి మెల్లగా వడగట్టి ఇచ్చేవాళ్ళు. చెలమ దగ్గర నీళ్ళు తేటపడేదాకా ఆగిన మా అవ్వ చేసిందీ, ఆల్టోనా ఇంజనీర్లు చేసిందీ ఒకే జాతి పని.

అయితే ఇసుక సూక్ష్మజీవులను, మడ్డిని పట్టి ఉంచగలదు గానీ కరిగిపోయిన ఉప్పును, రసాయనాన్ని పట్టలేదు. అందుకే ఏట్లో ఏం పోస్తున్నామన్నది మన చేతిలో ఉండాలి. ఇక్కడే చట్టం వస్తుంది.

1974 మార్చి 23న మన దేశంలో జల కాలుష్య నివారణ, నియంత్రణ చట్టం అమల్లోకి వచ్చింది. రాజ్యాంగం ప్రకారం నీరు రాష్ట్రాల విషయం. అందుకని కొన్ని రాష్ట్రాల శాసనసభలు తీర్మానాలు చేసి కోరితే పార్లమెంటు ఈ చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ తర్వాత దీన్ని స్వీకరించింది. 1976లో మన రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఏర్పడింది. జనం నోట పొల్యూషన్ బోర్డు, పీసీబీ అని వినిపించేది దీని పేరే. అనంతపురంలో దీనికి ప్రాంతీయ కార్యాలయం ఉంది.

ఏ చట్టంలోనైనా మొదట కొన్ని మాటలకు అర్థాలు రాసుకుంటారు. ఈ చట్టంలో ‘ప్రవాహం’ అన్న మాటకు ఏ అర్థం ఇచ్చారో చూడండి. అందులో నది ఉంది. వాగూ వంకా ఉన్నాయి. నిలవ ఉన్న నీళ్ళున్నాయి. భూమి కింది నీళ్ళున్నాయి. సముద్రమూ ఉంది. వాగూ వంకల దగ్గర మాత్రం చిన్న వివరణ చేర్చారు. అవి పారుతున్నా సరే, ప్రస్తుతానికి ఎండి ఉన్నా సరే, చట్టం దృష్టిలో ప్రవాహాలే.

‘ప్రస్తుతానికి’ అన్న ఆ మాట నాకు చాలా ఇష్టం. బస్సులో పిల్లవాడికి వాళ్ళ నాయన చెప్పలేకపోయిన జవాబు అదే. నాయనా, ఇది ఏరే, ప్రస్తుతానికి ఎండి ఉంది, అంతే. భూమి కింది నీళ్ళను కూడా అదే వాక్యంలో కలిపారు కాబట్టి, మీ పొలంలో 500 అడుగుల బోరు కింద ఉన్న నీళ్ళూ ఈ చట్టం నీడలోనివే.

ఇది అంత మామూలు విషయమేమీ కాదు. అమెరికాలో 1972లో నీటి కాలుష్యం మీద గట్టి చట్టం వచ్చింది. అది ఏయే నీళ్ళకు వర్తిస్తుందన్న తగాదా మాత్రం దశాబ్దాల పాటు నడిచింది. చివరికి 2023 మేలో వాళ్ళ సుప్రీంకోర్టు, దాదాపు ఎప్పుడూ నీళ్ళుండే ప్రవాహాలకు, వాటికి ఆనుకుని కలిసిపోయిన చిత్తడి నేలలకు మాత్రమే ఆ కేంద్ర చట్టం వర్తిస్తుందని చెప్పింది. వాన వచ్చినప్పుడే పారే వాగులు ఆ దేశపు పడమటి ఎడారి సీమల్లో ఎన్నో. వాటికి ఆ రక్షణ సన్నగిల్లింది. మన చట్టం రాసినవాళ్ళు ఆ తగాదాకు 1974లోనే చోటు లేకుండా చేశారు.

అదే చట్టంలో మండలి చేయాల్సిన పనుల జాబితాలో మన సీమను చూసే రాసినారా అనిపించే మాట ఇంకొకటుంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ముందు ఒక లెక్క చూడాలి.

ఫ్యాక్టరీ నుంచి నదిలోకి వదిలే నీళ్ళకు దేశమంతటికీ కొన్ని కొలతలున్నాయి. నీళ్ళలో ఉన్న కుళ్ళును సూక్ష్మజీవులు తినేటప్పుడు ఎంత ప్రాణవాయువు ఖర్చవుతుందో లెక్కగట్టడానికి బీవోడీ అనే పరీక్ష చేస్తారు. సీసాలో నీళ్ళను 27 డిగ్రీల వేడిలో 3 రోజులు ఉంచి చూస్తారు. లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. తేలే మడ్డి 100 మిల్లీగ్రాములు దాటకూడదు. గోదావరి లాంటి నదిలో ఇలాంటి నీళ్ళు కలిస్తే ఎన్నో రెట్ల మంచి నీళ్ళలో పడి పలచబడతాయి. మరి మన పెన్నలో? ఏప్రిల్‌లో ఒక కాలువ నీళ్ళు ఏట్లోకి వదిలితే కలవడానికి అక్కడ వేరే నీళ్ళెక్కడున్నాయి? వదిలిందే ఏరు అవుతుంది. అదే నేరుగా ఇసుకలోకి దిగుతుంది. గోదావరి దగ్గర సరిపోయే కొలత మన దగ్గర చాలదు.

ఏడాదిలో ఎక్కువ భాగం ప్రవాహం సన్నగా ఉండి, వ్యర్థాలు పలచబడేటంత నీరు లేని చోట్ల, మురుగును, ఫ్యాక్టరీ నీటిని నేల మీద తగిన పద్ధతిలో వదిలించుకునే మార్గాలు కనిపెట్టడం రాష్ట్ర మండలి బాధ్యత అని చట్టం చెబుతోంది. మురుగును సేద్యానికి వాడే పద్ధతులు వెతకడమూ దాని పనే. ప్రమాణాలు పెట్టేటప్పుడు వానలు లేని రోజుల్లో ఆ ప్రవాహంలో ఎంత నీరుంటుందో లెక్కలోకి తీసుకోమంది. అంటే మన ప్రాంతపు అధికారి పుస్తకంలోని అంకె చూసి సరిపెట్టుకోకూడదు. వంతెన మీద నిలబడి కిందికి కూడా చూడాలి.

సరే, మండలి పని ఎట్లా నడుస్తుంది? కాలుష్యం పుట్టించే ఫ్యాక్టరీ కట్టాలంటే ముందు స్థాపనకు అనుమతి తీసుకోవాలి. కట్టిన తర్వాత నడపడానికి మళ్ళీ అనుమతి. ఎంత కాలుష్యం పుట్టే అవకాశముందో దాన్నిబట్టి పరిశ్రమలను ఎరుపు, నారింజ, ఆకుపచ్చ, తెలుపు వంటి రంగులుగా విడదీశారు. అనుమతి కాగితంలో షరతులుంటాయి. ఎంత నీరు వాడాలి, ఎంత వదలాలి, ఎక్కడ వదలాలి, ఏ కొలత దాటకూడదు. ఆ షరతుల రిజిస్టరును మండలి నిర్వహించాలి, ఆ ఫ్యాక్టరీ కాలువ వల్ల దెబ్బతినే ఎవరైనా దాన్ని చూడవచ్చు. ఈ సంగతి మన పల్లెల్లో ఎంతమందికి తెలుసు?

స్థాపనకు అనుమతి అన్నది అసలు ప్రశ్నను ముందుగా అడగడం. ఎక్కడ? ఈ ప్రశ్న మన నేలకు కొత్త కాదు. పక్కనే కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి శాసనం ఒకటుంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు చెరువు కట్టించినప్పుడు వేయించింది. మంచి చెరువుకు 12 అంగాలు కావాలని, 6 దోషాలు ఉండకూడదని అందులో చెక్కారు. నీటి శాస్త్రం తెలిసిన మనిషి ఉండాలట. తియ్యని నీళ్ళు తెచ్చే నది ఉండాలట. సౌడు నేల దోషమట. అంటే కట్ట వేయకముందే నీటి నాణ్యత అడిగినారు. ఆరున్నర వందల ఏళ్ళ నాటి ఆ పద్ధతిని ఇప్పుడు కాగితం మీద అనుమతి అంటున్నాం.

అనుమతి ఇచ్చాక తనిఖీ. దాని వెనక ఉన్న పద్ధతి వినండి. అధికారి ఫ్యాక్టరీ కాలువ దగ్గర నీళ్ళ నమూనా తీసేటప్పుడే యజమానికి రాతపూర్వకంగా నోటీసు ఇస్తాడు. యజమాని కోరితే నమూనాను రెండు భాగాలు చేస్తారు. రెండు సీసాలకూ సీలు వేసి, ఇద్దరూ సంతకం పెడతారు. ఒకటి మండలి ప్రయోగశాలకు పోతుంది. రెండోది ప్రభుత్వం నిర్ణయించిన ఇంకో ప్రయోగశాలకు. ఫలితం రాసిన కాగితంలో ఒక ప్రతి యజమానికి కూడా చేరుతుంది. ఇంత తతంగం ఎందుకంటే, రేపు కోర్టులో ఆ సీసానే సాక్షి. సీలు సరిగా లేకపోతే, నోటీసు ఇవ్వకపోతే, ఆ సాక్షి నోరు మూతపడుతుంది. ఏట్లో చేపలు చచ్చి తేలినప్పుడు ఊరంతా పోయి అధికారి మీద అరుస్తాం. అరుపులకు కోర్టులో విలువ లేదు, సీలేసిన సీసాకు ఉంది.

తప్పు తేలితే? 1988 సవరణతో మండలికి పదునైన అధికారం వచ్చింది. ఫ్యాక్టరీని మూయమని ఆదేశించవచ్చు. కరెంటు, నీళ్ళు ఆపమనీ ఆదేశించవచ్చు. కోర్టు తీర్పు కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడకుండా మీటరు దగ్గరే పని అయిపోయే మార్గమది.

ఇప్పుడు మన ఊళ్ళ వైపు చూద్దాం. ధర్మవరం చీర తెలియని తెలుగు ఇల్లు లేదు. పచ్చి పట్టు దారానికి జిగురు పొర ఉంటుంది. అది బరువులో నాలుగో వంతు దాకా ఉంటుంది. సబ్బు, సోడా వేసి ఉడికించి ఆ జిగురు తీసేస్తేనే పట్టుకు మెరుపు. తర్వాత అద్దకం. చీర మీద నిలిచిన రంగు మన కంటికి ఆనందం. నిలవని రంగు, ఉడికిన జిగురు, సోడా, ఇవన్నీ కాలువ పాలు. ఆ ఊరు చిత్రావతి ఒడ్డున ఉంది. అద్దకం పని చేసేవాళ్ళు చిన్న చిన్న కుటుంబాలు. ఒక్కో ఇంట్లో రెండు మూడు గాబులు. ఫ్యాక్టరీకి పెట్టినట్టు శుద్ధి యంత్రం వాళ్ళు పెట్టుకోలేరు. తాళం వేస్తే ఒక వీధి బతుకు ఆగిపోతుంది. ఇలాంటి చోట దారి, అందరి నీళ్ళనూ ఒకచోట చేర్చి శుద్ధి చేసే ఉమ్మడి కేంద్రం. దానికి మండలితో పాటు పురపాలక సంఘం, చేనేత శాఖ కూడా చెయ్యి కలపాలి.

తాడిపత్రి దారి వేరు. అక్కడ బండల పాలిష్ పని. రాయిని కోసేటప్పుడు, నునుపు చేసేటప్పుడు తెల్లటి రాతి బురద వస్తుంది. అందులో విషం లేదు కదా అంటారు. నిజమే. కానీ పిండి లాంటి ఆ మెత్తని పొడి ఇసుక సందుల్లోకి పోయి బిగుసుకుంటే, వాన నీళ్ళు కిందికి దిగే దారి మూసుకుంటుంది. తొట్టి మూత మీద సిమెంటు పూసినట్టు. తాడిపత్రిలోనే పెన్న ఒడ్డున బుగ్గ రామలింగేశ్వర స్వామి గుడి ఉంది. బుగ్గ అంటే ఊట. లింగం కింద నీరు ఊరుతుందని ఆ పేరు. ఊటను దేవుడిగా కొలిచిన ఊరు ఊట దారిని మూసుకోకూడదు.

అనంతపురం నగరానికి వస్తే నడిమివంక, మరువవంక ఉన్నాయి. పేరులోనే వంక. కానీ ఏడాది పొడవునా అవి మనకు మురుగు కాలువలు, చెత్త వేసే చోట్లు, వీలైతే ఇల్లు కట్టుకునే జాగాలు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలు మునిగినప్పుడు, ఇళ్ళలోకి వచ్చింది వాన నీళ్ళు మాత్రమే కాదు, మనం అందులో వేసిన చెత్తంతా. ‘ప్రస్తుతానికి’ అన్న మాటకు అర్థం ఆ రాత్రి అందరికీ తెలిసింది.

ఇక్కడ ఒక మాట నిష్ఠూరమైనా చెప్పుకోవాలి. మన ఏర్లకు చేరే మురికిలో ఊళ్ళ మురుగు వాటా చిన్నది కాదు. ఊరి మురుగును శుద్ధి చేయాల్సింది స్థానిక సంస్థ. మండలి ఫ్యాక్టరీకి తాళం వేయగలదు. ఊరికి తాళం వేయగలదా? నోటీసు ఇవ్వగలదు, జరిమానా వేయగలదు. ఆ జరిమానా కట్టేదీ మన పన్ను డబ్బే. ప్రభుత్వం ఒక చేత్తో ఇంకో చేతిని పట్టుకోవాల్సిన చోట ఏ చట్టమైనా మెత్తబడుతుంది.

నీటి కాలుష్యంలో మండలి చేతికి చిక్కని ఇంకో రకముంది. దానికి దోషి లేడు. ఫ్లోరైడ్. మన కాళ్ళ కింద ఉన్నది పాత గ్రానైటు రాయి. ఆ రాళ్ళలోని ఖనిజాలు ఫ్లోరైడ్‌ను నీళ్ళలోకి వదులుతాయి. నీళ్ళలో సున్నం అంశం తగినంత ఉంటే అది ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచుతుంది. సౌడు గుణం ఎక్కువై సున్నం తగ్గిన నీళ్ళలో ఫ్లోరైడ్ పెరుగుతుంది. బోరు లోతుకు పోయే కొద్దీ నీళ్ళు రాతితో ఎక్కువ కాలం గడిపినవి వస్తాయి. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మంచిది, వేరే దారి లేకపోతే 1.5 దాకా ఓర్చుకోవచ్చు అని మన జాతీయ ప్రమాణం. అది దాటితే పిల్లల పళ్ళు గారపడతాయి. ఇంకా ఎక్కువై ఏళ్ళ తరబడి తాగితే ఎముకలు బిగుసుకుపోతాయి. ఈ జబ్బును మన దేశంలో మొదట వైద్య పత్రికకు ఎక్కించింది తెలుగు నేల నుంచే. 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో చూసి రాశారు.

ఫ్లోరైడ్‌కు మందు కేసు పెట్టడంలో లేదు, నీళ్ళు మార్చడంలో ఉంది. 1990ల నడుమ శ్రీ సత్యసాయి నీటి పథకం అప్పటి మన ఉమ్మడి జిల్లాలో 731 గ్రామాలకు మంచినీళ్ళు తెచ్చింది అందుకే. నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతి కనిపెట్టి దానికి నల్గొండ పేరు పెట్టింది కూడా అందుకే. ఇప్పుడు ఊరూరా ఆర్వో ప్లాంట్లు వచ్చాయి. 20 లీటర్ల క్యాను లేని ఇల్లు అరుదు. ఒక సంగతి మాత్రం మరిచిపోతున్నాం. ఆర్వో యంత్రం ఫ్లోరైడ్‌ను మాయం చేయదు. ఒక పక్క మంచి నీళ్ళు, ఇంకో పక్క ఉప్పూ ఫ్లోరైడూ చిక్కబడిన వృథా నీళ్ళు. ఆ వృథా నీళ్ళను ప్లాంటు వెనక వదిలేస్తే అవి దిగేది ఎక్కడికి? అదే బోరు పక్కన, అదే నేలలోకి. ఎండిన వంకలోకి వదిలితే వంక ఇసుకలోకి. ఒక చేత్తో తోడి, ఇంకో చేత్తో కలుపుకోవడం. ఆ నీళ్ళను గచ్చు కడగడానికో, మరుగుదొడ్డికో వాడుకునే ఏర్పాటు ప్రతి ప్లాంటుకూ ఉండాలి.

నీటిని చూసుకునే శాఖలు ఇంకా ఉన్నాయి. భూగర్భ జల శాఖ పరిశీలక బావుల్లో మట్టం కొలుస్తుంది, నీటి గుణం చూస్తుంది. 2002లో వచ్చిన వాల్టా చట్టం ప్రకారం ఊరి మంచినీటి వనరుకు 250 మీటర్ల లోపు అనుమతి లేకుండా కొత్త బోరు వేయకూడదు. భూగర్భ జలాన్ని ఎవరూ ఏ రకంగానూ కలుషితం చేయకూడదని కూడా ఆ చట్టం చెబుతోంది. ఏట్లో ఇసుక తీయడం మీద అదుపు కూడా అందులోనే ఉంది. ఇసుక పోతే తొట్టికి మూతా పోతుంది, వడపోతా పోతుంది. గ్రామీణ నీటి సరఫరా శాఖకు ప్రయోగశాలలున్నాయి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ కింద ఊరికి 5 మంది మహిళలకు పరీక్ష పెట్టెలతో శిక్షణ ఇవ్వాలని పద్ధతి పెట్టారు. ఒక చిన్న సీసాలో నీళ్ళు పోసి వెచ్చగా ఉంచితే, మలం కలిసిన నీరైతే నల్లబడుతుంది. దానికి ప్రయోగశాల అక్కర్లేదు. కళ్ళుంటే చాలు.

ఇక మండలి మాటకు సుప్రీంకోర్టు బలమిచ్చిన సందర్భం ఒకటి చెప్పాలి. అదీ తెలుగు నేల కేసే. హైదరాబాదుకు మంచినీళ్ళిచ్చే హిమాయత్ సాగర్, ఉస్మాన్ సాగర్ చెరువుల చుట్టూ 10 కిలోమీటర్ల లోపు కాలుష్య పరిశ్రమలు రాకూడదని ప్రభుత్వం 1996లో 111 నంబరు జీవో ఇచ్చింది. ఆ పరిధిలోని పెద్దషాపూర్‌లో ఆముదం నూనె ఉత్పన్నాల పరిశ్రమ పెట్టడానికి ఒక కంపెనీ పూనుకుంది. మండలి అనుమతి నిరాకరించింది. అప్పీలు అధికారి కంపెనీ వైపు తీర్పిచ్చాడు. మండలి పోరాడుతూ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1999 జనవరిలో ప్రొఫెసర్ ఎం.వి. నాయుడు కేసులో కోర్టు ముందుజాగ్రత్త సూత్రాన్ని గట్టిగా చెప్పింది. నీళ్ళు పాడవుతాయని ప్రజలు నిరూపించనక్కర్లేదు, పాడు కావని పరిశ్రమే నిరూపించాలి. అదే జీవో ఆంక్షలను ఎత్తేస్తూ 2022లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. రాసిన రక్షణ కాగితం మీద నిలిచేది, దాన్ని అడిగే జనం ఉన్నంతకాలమే అనిపిస్తుంది.

ఆ జనం మనమే. పెద్ద పరిశ్రమ వచ్చేముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలని 2006 నాటి నోటిఫికేషన్ చెబుతోంది. కాలుష్య మండలి కనీసం 30 రోజుల ముందు ప్రకటన ఇవ్వాలి. ఆ సభలో కలెక్టరు గానీ ఆయన తరఫున అధికారి గానీ కూచుంటారు. మన దగ్గర ఈ సభల్లో ఎక్కువగా వినిపించేది ఉద్యోగాల మాట. అది న్యాయమైన మాటే. కరువు సీమ బిడ్డకు ఉద్యోగం కావాలి. దాని పక్కనే ఇంకో ప్రశ్న కూడా అడగండి. మీరు వదిలే నీళ్ళు ఏప్రిల్ నెలలో ఎక్కడికి పోతాయి? మా వంకలో కలవడానికి నీళ్ళుండవు, మరి ఎంత శుద్ధి చేస్తారు? జవాబు సభ రికార్డులో ఎక్కుతుంది. రేపు సీసాకు సీలేసినప్పుడు ఆ రికార్డు కూడా సాక్షే. మండలి కదలకపోతే, 60 రోజుల నోటీసు ఇచ్చి పౌరుడే కోర్టుకు పోయే హక్కు కూడా 1974 చట్టంలో తర్వాత చేర్చారు.

శ్రోతలారా, ఇప్పుడు మా అవ్వ ఊరికి పోతే చెలమ తవ్వేవాళ్ళు లేరు. ఇంటి ముందు కుళాయి ఉంది, సందు చివర క్యాన్ల ఆటో ఆగుతుంది. అది మంచికే. మెడ నొప్పులతో బిందెలు మోసిన తరం మళ్ళీ రావాలని నేను కోరను. కానీ కుళాయి వచ్చాక ఏరు మన కంటికి ఖాళీ జాగా అయిపోయింది. కోళ్ళ ఈకలు, పెళ్ళి పందిరి ఎంగిలి ప్లాస్టిక్ పళ్ళేలు, పాత పరుపులు, అన్నీ అక్కడికే. పోయినసారి పోయినప్పుడు, అవ్వ చెలమ తీసే చోట ఇద్దరు పిల్లలు బ్యాటుతో ఆడుతున్నారు. బంతి కోసం ఇసుకలో తవ్విన గుంటలో అడుగున తడి కనిపించింది. వాళ్ళు ఆట ఆపి దాని చుట్టూ కూచున్నారు. ఒకడు చెయ్యి పెట్టి, "నీళ్ళు రా!" అన్నాడు, దొంగతనం పట్టుకున్నవాడిలా.

నేను దగ్గరికి పోయి, ఇంకో జానెడు తోడమన్నాను. తొలి ఊట చల్లేయమన్నాను. ఆడుకుని పోయేటప్పుడు పైన కంప కప్పమన్నాను. ఎందుకని అడిగినాడొకడు. మా అవ్వ చెప్పిన జవాబే చెప్పినాను: కింద నడుస్తుండాయి కదా.